గొంది

"ఆలస్యమైంది సార్. గొందిలో లారీ అడ్డం పడింది."

ట్రైనీ పిల్ల మాటకు చెవి మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి నవ్వాడు.

"ఇక్కడ అందరం సందు అంటాం. గొంది మీ అమ్మ మాటా?"

"ఇంట్లో అందరం అంతే సార్."

ఆ నిఘా ఆఫీసులో ఆయన పని ఫోన్లు వినడం. మాట చెవిన పడితే చాలు, అది ఎలాంటి ఇంట్లో పెరిగిన నోరో చెప్పేవాడు. అందుకే ఆ పేరు.

ఆ వారమే మందుల షాపు వెనక సందులో ఒక ముఠా ఇంటి మీద దాడికి వెళ్ళారు. ఇల్లు ఖాళీ. పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

పై అధికారి ట్రైనీని పిలిచి తలుపు మూశాడు.

"మనవాళ్ళలో ఎవరో ఉప్పందించారు. నువ్వు తేల్చు. కొత్తదానివి, నిన్నెవరూ అనుమానించరు."

పారిపోయినవాళ్ళ ఫోను టేపు వినిపించాడు. "రేపు గొందిలో ఏదో ఉందట. సర్దుకోండి."

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. దాడి ఉత్తర్వు ఒకటే, కానీ ఒక్కొక్కరి కాగితంలో ఒక్కో మాట మారుస్తారు. బయటికి పొక్కిన మాటే దొంగను పట్టిస్తుంది. ట్రైనీ కాగితంలో ఉన్నది సందు. పై అధికారి చూపిన జాబితా ప్రకారం, గొంది ఉన్నది ఒక్క చెవి మాస్టారి కాగితంలోనే.

మొదటి కేసు ఇంత సులువా అని ఆమె పొంగిపోయింది.

"టేపులో ఉన్నది మీ మాటే సార్."

చెవి మాస్టారు టేపు విన్నాడు.

"నీ కాగితంలో ఏముందమ్మా?"

"సందు."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు కదూ?"

"దానికీ దీనికీ సంబంధమేమిటి సార్?"

"ఏం లేదు. నోరు జారింది నేనే. రాసుకో."

రిటైర్మెంటు ముంగిట ఆయన్ని ఇంటికి పంపేశారు. వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

"ఇకనుంచి సందు అనమ్మా."

ఇంటి దొంగ తనకు పాఠాలు చెప్పడమేమిటని ఆమె ముఖం తిప్పుకుంది.

కొన్నాళ్ళకు ఆయన గుండె ఆగి పోయాడు. ద్రోహి ఇంటికి ఎవరు వెళ్తారు? ఆమె కూడా వెళ్ళలేదు.

ఉద్యోగం పర్మినెంటయిందని చెప్పడానికి అక్క ఇంటికి వెళ్ళింది. అక్క ఉండేది ఆ మందుల షాపు వెనకే.

"నీ పుణ్యమే. బాబుని రేపు గొందిలోకి పంపకని ఆ రోజు నువ్వు ఫోన్ చేయబట్టి సరిపోయింది. తెల్లారేసరికి ఇక్కడంతా పోలీసులే."

కారణం చెప్పలేదు కదా, ఫర్వాలేదనుకుంది అప్పుడు. ఆ తర్వాత మరిచేపోయింది.

"ఇంకెవరికైనా చెప్పావా అక్కా?"

"చుట్టుపక్కల అందరికీ చెప్పాను. వాళ్ళకూ పిల్లలున్నారు కదే."

ఆమె తనమీద తనకే అసహ్యం వేసి, లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"సందు చివరిదాకా."

"సందా? ఎవరు నేర్పారే నీకీ మాట?"

నేర్పినవాడు, టేపు వినగానే ఆమె నోటిని గుర్తుపట్టి, ఆ నేరం తన పేరున రాయించుకుని పోయాడు.