మామిడిపిందెల తీగ ఎవరిది?

ఒక అడవిలో వడ్రంగిపిట్ట చెక్క మీద అచ్చులు చెక్కి, శాలువాల మీద అద్ది అమ్మేది. ఆ ఏడు అది చెక్కిన మామిడిపిందెల తీగ కోసం అందరూ ఎగబడ్డారు. ముంగిస కూడా ఒక శాలువా కొనుక్కుంది.

జాతర రోజున పిట్ట పైనుంచి చూస్తే జింకల మీదా, కోతుల మీదా, ఎలుగుబంట్ల మీదా తన తీగే! "అబ్బ, ఇంతమందా!" అని దాని గుండె గంతులేసింది. కానీ తను అద్దినవి పదే. మిగతావన్నీ ముంగిస అదే తీగ అద్ది తన కొట్టులో అమ్మినవి.

"నన్నడక్కుండా నా తీగ ఎలా అద్దావు మామా?" అని పిట్ట ముంగిసను నిలదీసింది.

"కొనుక్కున్నాను కదమ్మా! శాలువా నాదైతే దాని మీది తీగ నాది కాదా?"

చుట్టూ గుమిగూడినవాళ్లలోంచి ఏనుగు ముందుకొచ్చింది. "శాలువా నీదే. కప్పుకో, పరుచుకో, చింపుకో. తీగ మాత్రం దాన్ని ఊహించిన బుర్రది."

"ఊహించడం ఎంతసేపు!" అని నవ్వింది ముంగిస.

"అయితే వచ్చే జాతరకి ఏం కొత్త తీగ తెస్తావు మామా?" కుందేలు ఆత్రంగా అడిగింది.

ముంగిస కళ్లు తనకు తెలియకుండానే వడ్రంగిపిట్ట వైపు తిరిగాయి.

జాతరంతా ఆ చూపు వెంటే తిరిగి, పిట్టను చూసి కేరింతలు కొట్టింది.