గ్వానాహ్వాతోలో చూడవలసినవి

"మూడో మెట్టు మీదే నిలబడాలిట" అంది మృదుల, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే. "ఆ సందు పేరే ముద్దు సందు. మూడో మెట్టు మీద మొగుడూ పెళ్ళాం ముద్దు పెట్టుకుంటే ఏడేళ్ళు అదృష్టం. ఊరికే చూసి వచ్చేస్తే ఏడేళ్ళు దరిద్రం."

"మన ఏలినాటి శని కంటే ఆర్నెల్లు తక్కువే" అన్నాడు తేజేశ్వర్. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

శనివారం మధ్యాహ్నం. అమెరికాలో, వాళ్ళ మోరిస్‌విల్ అపార్ట్‌మెంట్‌లో రెండు వారాలుగా ఒకటే భజన. మెక్సికోలో గ్వానాహ్వాతో అని ఒక ఊరుందిట. వెండి గనుల కోసం స్పెయిన్ వాళ్ళు కొండల నడుమ కట్టుకున్న పాత ఊరు. రంగురంగుల ఇళ్ళు, ఎదురెదురు బాల్కనీలు ఒకదాన్నొకటి తాకేంత ఇరుకు సందులు. ఏప్రిల్‌లో శ్రుతి స్కూలు సెలవులకి ముగ్గురూ అక్కడికి వెళ్ళి తీరాల్సిందేనని మృదుల పట్టు పట్టింది.

తేజేశ్వర్ కాలు కాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నాడు. ఇరవై రోజుల కిందట అతని ఉద్యోగం పోయింది. హెచ్-వన్ వీసా మీద వచ్చినవాడికి ఉద్యోగం పోతే కాళ్ళ కింద నేల కూడా పోయినట్టే; తీసేసిన కంపెనీయే స్వదేశానికి టికెట్ కొనిచ్చి పంపాలని రూలు. కొత్త ఉద్యోగం చూపిస్తానన్న న్యూజెర్సీ కన్సల్టెన్సీ జగన్మోహన్ "సోమవారం మీ పేపర్స్ ఫైల్ చేసేస్తాం బ్రదర్" అని మూడు సోమవారాలుగా అంటున్నాడు. ఆ వీసా కాగితాలు పడకుండా దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు.

ఈ సంగతి మృదులకి చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి వెళ్ళి కూచుంటున్నాడు. విశాఖపట్నంలో లెక్చరర్ పని మానుకుని, ఉద్యోగం చేసే వీల్లేని హెచ్-ఫోర్ వీసా మీద తన వెంట వచ్చిన మనిషి. ఇప్పుడు నాదీ పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? సిగ్గుతో సగం చచ్చి ఉన్నాడు.

"అంత ఎత్తున్న ఊళ్ళో ఊపిరాడదు" అన్నాడు.

"తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్ళు, మీకేం? పైగా అక్కడ కొండెక్కడానికి రైలు పెట్టె ఉంది. పైనుంచి ఊరంతా కనిపిస్తుందిట. మొదటిరోజు సాయంత్రం అదీ." కాగితం మీద రాసేసింది.

"తిండో? అన్నిట్లోనూ మాంసమే."

"మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు, పచ్చిమిరపకాయ. మా అమ్మమ్మకి పెట్టినా వంక పెట్టదు."

"ఊరి కింద సొరంగాల్లో కార్లు నడుస్తాయన్నావు. నాకు సొరంగాలు పడవు."

"కళ్ళు మూసుకోండి. వెండి గనిలోకి నేనూ శ్రుతీ దిగుతాం. మీరు పక్కనే చర్చి చూస్తూ కూచోండి."

కార్పెట్ మీద రంగులు వేసుకుంటున్న ఆరేళ్ళ శ్రుతి తలెత్తింది. "అమ్మా, అక్కడ మమ్మీస్ మ్యూజియం ఉందన్నావు కదా, డాడీస్ ఉండరా?"

"ఉంటారు తల్లీ. అక్కడి డాడీలు ఎండిపోయినా నోరు తెరుచుకునే ఉంటారుట" అంది మృదుల.

"శవాల్ని చూడ్డానికి అంత దూరమా? అపశకునం!" అన్నాడు తేజేశ్వర్ చిరాగ్గా. జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. జగన్మోహన్ నుంచి ఏమీ లేదు. "అసలు ఏప్రిల్‌లో మాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మేనేజర్ సెలవివ్వడు."

"నేనడుగుతాను. ఆయన నెంబరివ్వండి."

"వద్దు!" ఆ కేకకి శ్రుతి చేతిలో క్రేయాన్ కింద పడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస" అంది మృదుల. "సీట్లు మూడే మిగిలాయి. ఇవాళ కాకపోతే మరి దొరకవు. మీ పాస్‌పోర్ట్ నెంబరు చెప్పండి, బుక్ చేసేస్తాను."

"రేపు చూద్దాం."

"ఇప్పుడే. ఇ తో మొదలవుతుందా, ఎఫ్ తోనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కిటికీ దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. మంచినీళ్ళు పట్టుకుని తాగకుండానే సింకులో పోసేశాడు. మృదుల వేలు మౌస్ మీద ఉంది.

"గుర్తు లేకపోతే పోనీండి, సొరుగులోంచి నేనే తెస్తాను" అంటూ కుర్చీలోంచి లేచింది.

"వద్దు మృదులా! బుక్ చెయ్యకు. నాకు ఉద్యోగం లేదు." మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "ఇరవై రోజులైంది. దేశం దాటితే ముగ్గురం అటే. నీకు చెప్పే ధైర్యం లేక రోజూ..."

అలాగే కార్పెట్ మీద కూలబడి, కూతురు చూస్తోందని కూడా చూడకుండా ఏడ్చేశాడు.

మృదుల అరవలేదు. వచ్చి పక్కన కూచుని అతని తల తన భుజానికి ఆనించుకుంది. చాలాసేపు వీపు నిమురుతూనే ఉంది. శ్రుతి కూడా వచ్చి నాన్న ఒళ్ళో ఎక్కింది. తేజేశ్వర్‌కి ఇరవై రోజుల తర్వాత ఒంట్లోకి కాస్త ఊపిరి దిగింది.

"కోపం రాలేదా?" అన్నాడు.

"వచ్చింది. చాలా వచ్చింది."

"ముందు ఆ టికెట్ల పేజీ మూసెయ్యి. పొరపాటున ఎవరైనా నొక్కితే కొంప మునుగుతుంది."

మృదుల చెయ్యి చాచి లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. తెరనిండా ఇరుకు సందు ఫొటో ఒకటే. ఎయిర్‌లైన్స్ పేజీ లేదు, తారీకులు లేవు, సీట్లు లేవు.

"అదేమిటి, టికెట్లేవి?" అన్నాడు తెల్లబోయి.

మృదుల చున్నీ అంచుతో అతని మొహం తుడిచింది.

"మీకు వైజాగ్ టికెట్ ఎప్పటికి కొనమంటారని మీ ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోన్ చేసి పదహారు రోజులైంది."