మధ్యలో ఆగని విమానం

“పదమూడు వేల కిలోమీటర్లండీ. ఏకబిగిన పదహారు గంటలు కూర్చోలేరు, మధ్యలో ఆగే విమానం తీసుకోండి,” అంది టికెట్లమ్మాయి.

“ఆగితే మావారి ఫోను మోగుతుందమ్మా. డాక్టరు కదా! పెళ్ళయి ఇరవయ్యేళ్ళైనా ఒక్కపూట నిమ్మళంగా మాట్లాడుకోలేదు. ఆగనిదే ఇవ్వు.”

విమానం లేచింది. ఫోన్లు మూగబోయాయి. డాక్టరుగారు భార్య వైపు తిరిగి, “ఊఁ, ఇప్పుడు చెప్పు,” అన్నారు.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆవిడకు తోచలేదు. ఇంతలో మైకు పలికింది: “ప్రయాణికుల్లో డాక్టరెవరైనా ఉన్నారా? వెనక ఒక పెద్దాయనకి కళ్ళు తిరుగుతున్నాయి.”

డాక్టరుగారు చటుక్కున కళ్ళు మూసుకుని గురక పెట్టారు.

తనకోసం ఆయన ఆడిన మొదటి దొంగాట అది. ఆవిడకు కడుపు నిండిపోయింది.

“లేవండి, వెళ్ళి చూడండి,” అంటూ భుజం తట్టింది. “ఇంకా పదిహేను గంటలుంది. నేనెక్కడికి పోతాను?”