ఎవరి సొత్తూ కాని మాట

"ఆ మాట ఇంకోసారి అనకు" అన్నాడు తెంగ్ హూయ్.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళికూతురు గైక్ సిమ్ ఎర్ర దిండు మీద మోకాళ్ళూని అలాగే ఉండిపోయింది. ఆమె చేతిలోంచి టీ కప్పు అందుకోబోతున్న పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ పెళ్ళికొడుకు ప్రసిత్‌కి స్వయానా పెద్దమ్మ. థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లా నుంచి వచ్చింది.

పూర్వీకుల ముందు అగరొత్తులు గుచ్చి వంగి లేవడంతో పెళ్ళయిపోయింది. ఇక మిగిలింది టీ. కొత్త జంట పెద్దలందరికీ మోకరిల్లి, వరస పెట్టి పిలిచి, కప్పు అందించాలి. వరస పెట్టి పిలవని టీ పెద్దలు ముట్టరు. పెద్దలు ముట్టని టీ అంటే ఆ పిల్లని కాదన్నట్టే. ఇంత చిన్న కప్పులో అంత పెద్ద పేచీ ఉంటుంది మలేషియాలోని మా పెనాంగ్‌లో.

సోంగ్‌ఖ్లా వాళ్ళు సాయంత్రంలోగా సరిహద్దు దాటాలని మొదటి కప్పు వాళ్ళకే ఇవ్వమన్నారు. థాయ్‌లో పెద్దమ్మని "పా" అంటారట. గైక్ సిమ్ ఆ పిలుపు ముందే నేర్చుకుని, "పా, టీ తాగండి" అంది ముద్దుగా. అక్కడే తెంగ్ హూయ్‌కి ఒళ్ళు మండింది.

వీధిలో అందరికీ ఆయన మోటార్‌సైకిళ్ళు బాగుచేసే తెంగ్ హూయ్. గైక్ సిమ్‌కి బాబాయ్. ఆ పిల్లని బడికి దింపిందీ, కామెర్లొస్తే ఆస్పత్రి బెంచీ మీద పడుకుందీ, ప్రసిత్ ఎలాంటివాడో ఆరా తీయడానికి సోంగ్‌ఖ్లా దాకా బండి మీద వెళ్ళొచ్చిందీ ఆయనే. ఇవాళ గోళ్ళలోని గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని, కొత్త చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చేతి టీ కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలుసు.

తెంగ్ హూయ్ లాంటి హొక్కియన్ చైనీయులకి "పా" అంటే నాన్న. ఆ ఇంట్లో అలా పిలిపించుకున్న ఆఖరి మనిషి గోడమీద ఫోటోలో, అగరుపొగ వెనక ఉన్నాడు.

గైక్ సిమ్ తల్లి స్వీ ఖెంగ్ ఆయన పక్కకొచ్చి వంగింది. "ఇన్నేళ్ళు ఓర్చుకున్నారు. ఇంకాసేపు ఓర్చుకోలేరా?"

"ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను కాబట్టే" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ప్రసిత్ బావ సోమ్‌కిత్ హాట్‌యాయ్‌లో టూరిస్టు బస్సుల్లో గైడు. ఎవరు మౌనంగా ఉన్నా వాడు ఓర్చుకోలేడు. వచ్చీరాని హొక్కియన్‌లో అందుకున్నాడు.

"ఈ బుల్లి మాటకి ఇంత కోపమేంటి బాబాయ్ గారూ? మా దగ్గర పా అంటే పెద్దమ్మ. గొంతు కాస్త దించితే అడవి. ఇంకోలా అంటే విసరడం. లావోస్ వెళ్ళండి, చేప. కంబోడియాలో మీలాగే నాన్న. కాంటన్ వాళ్ళకి భయం. మీకు మాత్రం, కడుపు నిండినా పా అనేగా అంటారు?"

"అయితే పెద్దమ్మ మీదకి చేప విసిరి అడవిలోకి పారిపోవచ్చు" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. సోమ్‌కిత్ ఇంకా ఉషారయ్యాడు.

"అసలది ఎక్కడ పుట్టిందనుకున్నారు? పసిబిడ్డ నోట్లో. పెదాలు కలిపి విప్పితే వచ్చే చప్పుడది. ఏ ఊరివాళ్ళు ఆ ఊరి అర్థం తగిలించుకున్నారు, అంతే. అది ఎవరి సొత్తూ కాదు."

తెంగ్ హూయ్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఎవరి సొత్తూ కాదా? ఈ పిల్ల పసిదిగా ఉన్నప్పుడు పెదాలు కలిపి విప్పింది. చెయ్యి అడ్డం పెట్టి దాని నోరు మూసింది నేను. ఎంత ఏడ్చిందో చూసినవాణ్ణి నేను. నువ్వొచ్చి నాకు బస్సులో చెప్పే కబుర్లు చెప్తావా?"

పసిబిడ్డ నోరు మూసిన మనిషిని ఎలా చూడాలో తెలియక సోంగ్‌ఖ్లా వాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దమ్మ తన చేతిసంచీ తీసుకుంది. ప్రసిత్ ముఖం కందిపోయింది. ఆవిడ గుమ్మం దాటిందంటే వెనకే వాళ్ళందరూ దాటుతారు.

గైక్ సిమ్‌కీ కోపం వచ్చింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి అదొక్కటీ తక్కువ కాలేదు.

"నా నోరు మూయడం నీకు అలవాటే బాబాయ్. ఇవాళ్టి నుంచి కుదరదు" అంది.

పెద్దమ్మ వైపు తిరిగి, అందరికీ వినిపించేలా, "పా, టీ తాగండి" అని మళ్ళీ పిలిచింది. ఆవిడ బెదురుతూనే కప్పు అందుకుని గుక్క తాగింది. ప్రసిత్ ఊపిరి పీల్చుకున్నాడు.

గైక్ సిమ్ ఇంకో కప్పు నింపించింది. ఎర్ర ఖర్జూరాలు రెండు తనే ఏరి వేసింది. పడిన కుర్చీని నిలబెట్టి, ఆయన భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

"నాకొద్దు" అని తెంగ్ హూయ్ ముఖం తిప్పుకున్నాడు. "ఊరందరికీ పంచాక మిగిలింది నాకెందుకు?"

ఆమె మోకరిల్లింది. పెదాలు కలిశాయి గానీ విడిపడలేదు. స్వీ ఖెంగ్ తన కొత్త గౌను చేతి అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

తండ్రీకూతుళ్ళ జాతకాలు పడవనీ, పెళ్ళయి అత్తింటి మనిషయ్యేదాకా కన్నతండ్రిని బాబాయ్ అనే పిలవాలనీ గుడిలో చెప్పిన నాటి నుంచి పెదాల మీదే ఆగిపోయిన మాటతో, గైక్ సిమ్ ఆయన ముఖాన్ని తనవైపు తిప్పుకుని, "పా, టీ తాగు" అంది.