టెంప్‌లో పెట్టిన వానలెక్క

హగరి ఏటికి వరదొచ్చి అయిదేళ్లయిన కరువేడు అది. ఊరి వర్షమాపకం చూసి లింగప్ప రోజూ చెప్పిన లెక్క మండలాఫీసు కంప్యూటర్లో ఒక్కటీ మిగల్లేదు.

"లెక్క రాసుకునే ఖాతా మనిషిది కాదు, ప్రోగ్రాంది కదాని, అది అన్నీ దాచుకునే హోమ్ ఫోల్డర్‌ను టెంప్‌లో, అంటే తాత్కాలికం చోట్లో పెట్టినా మామా. కరెంటు పోయి మిషన్ మళ్లీ లేస్తానే ఆ చోటంతా ఊడ్చేసినాది," అన్నాడు ఆపరేటర్ తిప్పేష్.

"వేరే చోటే లేదేమప్పా?"

"ఉండాది. నేనే పెట్టలేదు. అయినా అన్నీ సున్నాలే కదా మామా?"

"సున్నా అంటే నేను పోయి చూసినానని. ఏమీ లేకుంటే ఎవరూ చూళ్లేదని. ఎండిన శెనక్కాయకు బీమా అడిగితే, కరువు యాడుండాది అంటారు గదరా!"



మర్నాడు తెల్లవారగానే లింగప్ప పొడిగా ఉన్న వర్షమాపకంలోకి తొంగిచూసి, ఇంటికొచ్చి, గోడ మీద బొగ్గుతో సున్నా చుట్టాడు.