పల్లీపట్టి రాళ్లు

జీపు పక్క చేనులో ఆగింది. సాయన్న తట్ట ఎత్తబోయి ఆ వైపు చూశాడు.

"ఏం జూస్తవ్? వాళ్లు రామస్వామి చేనుల ఉన్నంతసేపే మనకు టైము. ఎత్తు," అంది భార్య ముత్యాలమ్మ.

తట్టలో ఉన్నవి నల్ల రాళ్లు. ఒక్కోదానిలో తెల్లవి, ఎర్రవి వేరే రాళ్ల ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఈ నాలుగెకరాల్లో నాగలి పెట్టినప్పుడల్లా పైకి వస్తాయి. ఊళ్లో వాటిని పల్లీపట్టి రాళ్లంటారు. ఏరి గట్టున పోయడమే తప్ప ఎవరూ వాటి జోలికి పోలేదు. వారం కింద జీపులో వచ్చిన సార్లు ఆ రాళ్లు ఎవరి చేలలో ఉన్నాయని అడిగారు. ఎందుకో చెప్పలేదు.

చెప్పింది ముత్యాలమ్మ తమ్ముడు. "గా రాయిలనే వజ్రాలుంటయంట బావా. రాయి కనవడ్డదంటే చేను పాయె."

తాతల నాటి నుంచి గట్టున పడి ఉన్న కుప్ప ఆ పొద్దున పాడుబడ్డ బావిలోకి పోయింది. ఆఖరి తట్ట కుమ్మరించేసరికి జీపు వీళ్ల చేను బాట పట్టింది. బావి నీళ్లు కాసేపు కదిలి ఆగాయి.

దిగినాయన పేరు శ్రవణ్ కుమార్. భూగర్భ శాస్త్ర శాఖ ఉద్యోగి. అరచేతిలో నల్ల రాయి ముక్క పెట్టి చూపించాడు.

"పెద్దాయనా, ఇసుంటిది మీ చేనుల ఉన్నదా?"

సాయన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గిదేంది సార్? ఎన్నడు జూడలే."

"తినేదా సార్?" అంది ముత్యాలమ్మ.

శ్రవణ్ కుమార్ నవ్వాడు. "భూమి కింద కరిగిన రాయి పైకి ఎక్కొస్తది అమ్మా. దారిల ఉన్న రాళ్లను విరగ్గొట్టి ముక్కలు ఎంటదెచ్చుకుంటది. పైకొచ్చి సల్లారినంక ఆ ముక్కలు దాంట్లనే ఇరుక్కపోతయి. ఈ లోపలిది ఈ రాయికి పుట్టింది కాదు. పరాయిది."

చెబుతూనే గట్టు వెంట నడిచాడు. ఒకచోట ఆగాడు. మట్టిలో తాజా గుంటలున్నాయి.

"ఇక్కడ ఏం దీసిండ్రు?"

సాయన్న ముత్యాలమ్మ వైపు చూశాడు.

"పందికొక్కులు సార్. పల్లికాయ మొత్తం అవే తింటున్నయి. మీ శాఖల మందేమన్న ఉంటే ఇయ్యరాదు," అంది ముత్యాలమ్మ.

శ్రవణ్ కుమార్ చేను నాలుగు మూలలూ తిరిగాడు. సాళ్లలో సుత్తితో పెళ్లలు పగలగొట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. తిరిగొచ్చి కాగితం తీశాడు.

"మీ చేనుల గా రాయి లేదని రాసియ్యాలె. ఫోన్ల వీడియో దీస్త, నోటితోని గూడ చెప్పాలె. జర సోచాయించుకో పెద్దాయనా. సంతకమైనంక మల్ల రాయి దెచ్చి ఉన్నదంటే చెల్లదు. అవతలి ఊర్ల ఒకాయన ట్రాక్టర్ తోని తెచ్చి పోసుకున్నడు."

కావాలని తెచ్చి పోసుకున్నాడంటే వాడికి మతి పోయి ఉంటుందనుకున్నాడు సాయన్న. ఫోను ముందు నిలబడి, భూమాత మీద ఒట్టేసి చెప్పాడు. తన చేనులో ఆ రాయి లేదు, తన తండ్రి కాలంలోనూ లేదు. సంతకం చేశాడు. ముత్యాలమ్మ వేలిముద్ర వేసింది.

శ్రవణ్ కుమార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని డ్రైవర్‌కు సైగ చేశాడు. డ్రైవర్ జీపులోంచి ఎర్ర రంగు పూసిన గూటాలు దించి, ఒకటి గట్టు మీద పాతసాగాడు.

"గిదేంది సార్? రాయి లేదు గద. మా చేను జోలికి రారు గద?" అన్నాడు సాయన్న.

"రామస్వామి చేను జోలికి రాము. ఆయన గట్టున కుప్పలే ఉన్నయి." శ్రవణ్ కుమార్ ఇంకో గూటం డ్రైవర్‌కు అందించాడు. "ముందే చెప్తే అందరు రాళ్లు దెచ్చి పోసుకుంటరని చెప్పలే పెద్దాయనా. గా రాయి తేలిన కాడ కింద నేల పగిలి ఉంటది, పైన కట్టిన నీళ్లు నిలవయి, ఇంకిపోతయి. అందుకని రిజర్వాయర్ మీ చేనుల కడుతున్నం."