గూడు దగ్గరి ముసలాయన

కట్టిన గంటకే కోళ్ల గూడు కూలిపోయింది.

వీరేశం చేతిలో సుత్తితో అలాగే నిలబడ్డాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. మగ్గం ఆగిపోయాక ఖాజాగూడ వచ్చాడు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని. మేకు కొట్టడం ఇదే మొదలు.

"మంచిగయింది మామా," అన్నాడు అల్లుడు మధు. "కోళ్లు లోపలుంటే ఇయాల్నే కూరైతుండె."

"నవ్వింది చాలు. చెక్కలు తియ్యి అల్లుడా."

వీరేశం భార్య ఎల్లమ్మ నవ్వలేదు. మట్టి చేతులతోనే కూతురి వైపు చూసింది.

రేణుక గడపలో కూర్చుని ఉంది. ఏడో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఒంట్లో రక్తం లేదన్నారు. ఈసారీ దవాఖానలో అదే మాట. రోజూ గుడ్డు పెట్టమన్నారు.

అందుకే ఈ గూడు.

"కాళ్లు పొట్టిగైనయి."

గోడ అవతల ఎవరో ముసలాయన. అరిగిన చెప్పులు, భుజాన సంచి.

"మోకాలెత్తు కాళ్లు పెట్టుండ్రి. తలుపు తూర్పుకు. జాలీ కింద గూడ కొట్టుండ్రి, ముంగిస దూరుతది."

"నువ్వెవరు తాతా?" అడిగాడు వీరేశం.

"కోళ్లెప్పుడు తెస్తరు?"

సంచి సర్దుకుని కదిలాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. వీరేశం మేకు కొడుతుంటే చెక్క కదలకుండా పట్టుకున్నాడు. మధు రేకు వంకరగా పెడితే సరిచేశాడు. ఎల్లమ్మ మంచినీళ్లిస్తే వద్దన్నాడు. పోతూ మళ్లీ అదే అడిగాడు.

"కోళ్లెప్పుడొస్తయి?"

ఆయన వెళ్లాక మధు గొంతు తగ్గించాడు.

"మామా, వీడు కోళ్లు ఎత్కపోయేటోడే. గూడు మనతోనే గట్టిగ కట్టిపిస్తున్నడు, తాళం ఏడ పెడ్తమో చూస్తున్నడు."

వీరేశం గూడును పట్టుకుని ఊపి చూశాడు. గూడు మాత్రం ఈసారి నిలబడింది.

ఎల్లమ్మ పుట్టింటి నుంచి ఎనిమిది పెట్టలు వచ్చాయి. రేపో మాపో గుడ్లు పెట్టేవి.

కోళ్లొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఎల్లమ్మ పనికి పోయిన ఇళ్ల నుంచి తిరిగొచ్చింది. రేణుక లోపల నిద్రపోతోంది. పెరట్లో గూడు తలుపు తీసి ఉంది.

ముసలాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. చంకలో ఒక పెట్ట. చిన్న సీసాలోంచి దాని కంట్లో ఏదో చుక్క వేస్తున్నాడు. వేసి, పక్కనున్న గంప కిందికి తోశాడు.

"ఏం జేస్తున్నవ్?"

"మెల్లగమ్మా, బెదురుతయి. రోగమొస్తది."

కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా, ఆ మాట.

"ఎవలు పంపిండ్రు నిన్ను? నా బిడ్డ మీద చేతబడి ఎవలు చేపిచ్చిండ్రు?"

అప్పుడే బండి దిగిన మధు ఆ కేక విని పరుగెత్తుకొచ్చాడు. సీసా లాక్కుని బండకేసి కొట్టాడు.

ముసలాయన ఆ తడి వైపు చూశాడు.

"నాలుగు కోళ్లకే అయింది. ఇంక నాలుగున్నయి."

"నడువ్. ఇంక ఈ దిక్కు కనపడితే కాళ్లు ఇరుగుతయి."

మధు నెడితే పడ్డాడు. లేచి, బయటికి పోకుండా మళ్లీ బండ దగ్గరికే వచ్చాడు. వంగి గాజు పెంకులు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకున్నాడు.

"మింగుతయి," అన్నాడు కోళ్లను చూపిస్తూ.

వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

గంప కింది నాలుగు పెట్టలనూ ఎల్లమ్మ గూట్లోకి రానివ్వలేదు.

"వాటి గుడ్డు నా బిడ్డ నోట్లెకు పోవద్దు."

రెండు సందుల అవతలుండే గంగమ్మకు ఇచ్చేసింది. దాచకుండా సంగతి చెప్పే ఇచ్చింది.

"కోడికి మంత్రాలేందక్కా? నాకేం ఫికర్ లేదు," అంటూ గంగమ్మ రెండు చేతుల్లో రెండేసి పట్టుకుపోయింది.

మూడు వారాలు గడిచాయి. గూట్లోని పెట్టలు మెడలు వాల్చాయి. పచ్చగా రెట్టలు వేశాయి. రెండు రోజుల్లో నాలుగూ చచ్చాయి. అప్పటికి అవి పెట్టిన గుడ్లు ఐదో ఆరో.

వాడలో తెల్లవారితే కోడి కూత లేదు. ఏ ఇంటి కోళ్లూ మిగల్లేదు.

గంగమ్మ వాకిట్లో మాత్రం నాలుగు పెట్టలు గింజలు ఏరుకుంటున్నాయి.

ఎల్లమ్మ అది చూసి వచ్చింది. గడపలో కూతురి పక్కన కూర్చుంది. రేణుక కాళ్లు వాచి ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది.

"ఆయనను తోల్కరా పో," అంది చివరికి భర్తతో. "కాళ్లు మొక్కుత."

వీరేశం అడుగుతూ అడుగుతూ పశువుల దవాఖానకు చేరాడు. గేటుకు తుప్పు పట్టిన తాళం. లోపల మనిషెత్తు పిచ్చిమొక్కలు. ఎదురుగా టీ కొట్టు.

"అన్నా, ఈడ ముసలి డాక్టర్ సార్ ఉంటడా? ఇండ్లకొచ్చి కోళ్ల కండ్లల్ల చుక్కలేస్తడు."

టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు.

"మీ ఇంటికొచ్చిండా?"

"వచ్చిండు."

"మీరైనా ఏపిచ్చుకున్నరా మరి?"

వీరేశం తల దించుకున్నాడు.

"జ్వరమొచ్చి పండిండు, ఇగ లేవలే. పోయి పది రోజులాయె."

"సార్ పేరేంది అన్నా?"

"ఎక్కడి సారు? రెండేండ్ల కింద దవాఖాన మూసిన్నాడే డాక్టర్ ఎల్లిపోయిండు. పట్నంల సొంత పైసలతోని టీకా మందు కొని, ఐసుల పెట్టుకొని ఇల్లిల్లు తిరిగింది, ఇందుల ఊడ్చే లింగయ్య."